దుంగ దగ్గరికే రంపం

తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో స్థిరపడిన సూరత్ నవాగామ్ లాంటి ఇరుకు పేటల్లో వానాకాలం ఓ వేపచెట్టు కూలిందంటే, అది సాధారణంగా వంటచెరకే. చేవ దేరిన మొద్దుకు ఆ గతి పట్టడం దుబారా. లారీ దూరని సందులోంచి దుంగను కోతమిల్లుకు చేర్చలేకపోతే, చైన్‌సాకు ఇనుప చట్రం బిగించి అక్కడే పలకలుగా కోయవచ్చు. రంపం సగం కలపను పొట్టు చేస్తుందంటారు గానీ, లెక్క అలా చెప్పదు. గొలుసు కోత మందం సుమారు 9 మిల్లీమీటర్లు, మిల్లు పట్టీరంపానిది 3 అనుకుందాం. 30 సెంటీమీటర్ల చదరపు దూలంలోంచి 25 మిల్లీమీటర్ల పలకలు మిల్లులో పది వస్తే, చైన్‌సాతో తొమ్మిది. పోయేది ఒక్క పలక. మోత ఖర్చు అంతకన్నా ఎక్కువైతే బేరం మనదే.

ప్రమాదం మాటేమిటన్నది అసలు అభ్యంతరం, అది కొట్టిపారేసేది కాదు. బ్లేడు కొన దేనికైనా తగిలితే రంపం మనిషి మీదికే ఎగిరి వస్తుంది. పేటల్లోని చెట్లలో మేకులూ తీగలూ దిగి ఉంటాయి. కాబట్టి పిల్లలు తిరిగే గల్లీలో ఇది అనుభవజ్ఞుడి పని, అదీ మున్సిపాలిటీ అనుమతి తీసుకున్నాకే. ఇంటివాళ్లకు మిగిలేది ఓపిక: అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో, పలకల మధ్య పుల్లలు పెట్టి ఆరబెట్టడం. పచ్చి వేపతో తలుపు చేయిస్తే అది వంకర తిరుగుతుంది, తిట్లు మాత్రం వడ్రంగికి! ఆరిన పలకతో అల్మరా అరలూ పీటలూ ఇంట్లోనే బిగించుకోవచ్చు.