నాన్న రొట్టె, అమ్మ పలుకు

పెనం మీద గోధుమరొట్టె. దాని నిండా కరుగుతున్న చీజ్, ఉల్లిపాయలు, ఉడికించి పీచులుగా తీసిన మాంసం. సగానికి మడిచి పళ్లెంలో పెట్టేవారు. కాలిఫోర్నియాలోని యూబా సిటీలో ఎల్ రాంచెరో అనే హోటల్లో 1950ల నుంచి దాదాపు నలభై ఏళ్లపాటు దొరికిన ఈ వంటకం పేరు రోటీ కెసడియా. మెక్సికన్లు దీన్ని టోర్టియాతో చేసుకుంటారు. ఇక్కడ టోర్టియా చోట్లోకి పంజాబీ రొట్టె వచ్చి చేరింది.

అది ఎలా వచ్చిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. 20వ శతాబ్దం మొదట్లో పంజాబ్ రైతుబిడ్డలు కొన్ని వేలమంది అమెరికా పడమటి తీరానికి చేరారు. ఎక్కువమంది సిక్కులు, కొందరు ముస్లింలు, చాలా కొద్దిమంది హిందువులు. అక్కడివాళ్లు అందరినీ కలిపి ‘హిందూ’లనే అన్నారు. 1917 వలస చట్టంతో ఆసియావాళ్లకు తలుపులు మూసుకున్నాయి. ఊళ్లో ఆలిని వదిలి వచ్చినవాడు ఆమెను రప్పించుకోలేడు, పెళ్లికానివాడు అక్కడి పిల్లను తెచ్చుకోలేడు. తెల్లజాతి స్త్రీని చేసుకుందామంటే రాష్ట్ర చట్టం ఒప్పుకోదు.

సరిహద్దును ఆనుకొని ఉన్న ఇంపీరియల్ లోయ పత్తి పొలాల్లో, విప్లవం ధాటికి మెక్సికో విడిచి వచ్చిన కుటుంబాలూ పని చేసేవి. సంబంధాలు అక్కడ కుదిరాయి. పెళ్లి లైసెన్సులో జాతి అన్నచోట గుమాస్తా ఇద్దరికీ ‘బ్రౌన్’ అని రాస్తే అడ్డు తొలగేది. అక్కను ఒకరు చేసుకుంటే చెల్లెలిని అతని పొలం భాగస్తుడు చేసుకునేవాడు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చాక, సొంత పేరున భూమి కొనే దారి కూడా పోయింది. అక్కడ పుట్టిన పిల్లలు పౌరులు కాబట్టి కొందరు తండ్రులు వాళ్ల పేర్ల మీద కొన్నారు.

ఈ కుటుంబాల చరిత్రను 1992లో పుస్తకంగా తెచ్చిన కేరన్ లెనార్డ్ మనకు కొత్తవారేమీ కాదు. హైదరాబాద్ కాయస్థుల మీద 1978లో పుస్తకం రాసిన పరిశోధకురాలు ఆమే. కాలిఫోర్నియాలో ఆ కాలపు భారతీయుల భార్యల్లో ఐదుగురిలో నలుగురు స్పానిష్ మాట్లాడే ఆడవాళ్లేనని ఆమె రికార్డులు తిరగేసి తేల్చారు.

మరి పిల్లలు? ఎక్కువమంది తల్లి వెంట క్యాథలిక్కులయ్యారు. పేరు స్పానిష్‌ది, దాని చివర సింగ్ అనో ఖాన్ అనో ఉండేది. బాప్తిస్మం రోజున తండ్రి స్నేహితుడు, మరో పంజాబీ, జ్ఞానతండ్రిగా నిలబడేవాడు. చర్చి పుస్తకంలో అతనికీ ఒక స్పానిష్ పేరు పడేది. తన మతం మాత్రం అతను మార్చుకోలేదు. దేవుడు ఒక్కడే కదా అని తండ్రులు సర్దుకున్నారు.

సర్దుకోక ఏం చేస్తారు? నాకు తోచిన అసలు కారణం భాష. పొలం పనికి అవసరమై మగవాళ్లు స్పానిష్ నేర్చారు, ఇంట్లోనూ అదే నడిచింది. పొద్దున్నే పొలానికి పోయి చీకటిపడ్డాక వచ్చే మనిషి, తనకు తప్ప ఇంట్లో ఎవరికీ రాని భాషలో ప్రార్థన ఎవరికి నేర్పుతాడు? 1912లో వెలిసిన స్టాక్టన్ గురుద్వారా ఇంపీరియల్ లోయ నుంచి వందల మైళ్ల దూరం. వంట మాత్రం ఆయన భార్యకు నేర్పాడు. రొట్టె, కోడికూర, పచ్చడి పిల్లలకు దక్కాయి. గర్వమూ దక్కింది. ఆదివారం చర్చికి వెళ్లే ఆ పిల్లలు తాము ‘హిందూ’లమని చెప్పుకునేవారు. 1965 తర్వాత పంజాబ్ నుంచి కుటుంబాలతో దిగినవాళ్లకు ఆ మాట నచ్చలేదు, వీళ్లను తమవాళ్లుగా ఒప్పుకోలేదు. ఆ తిరస్కారం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

చావు దగ్గర మాత్రం ఎవరి దారి వారిదైంది. సిక్కు తండ్రికి దహనం, తల్లికి క్యాథలిక్ శ్మశానంలో సమాధి. ముప్ఫై నలభై ఏళ్లు ఒక పొయ్యి దగ్గర తిన్న ఇద్దరూ చివరికి ఒకచోట లేరు.

ఇదంతా చదువుతున్నంతసేపూ నా మేనకోడలి కూతురే కళ్లముందు మెదిలింది. వాళ్లు ఫ్రెస్నోలో ఉంటారు, మేనకోడలి భర్తది మెక్సికన్ కుటుంబం. పెళ్లి మాట వచ్చినప్పుడు “పిల్లలు ఏమవుతారురా?” అని అక్క ఆరు నెలలు కుమిలింది. తర్వాత పార్సిళ్లు మొదలుపెట్టింది. కుందులు, పటాలు, శ్లోకాల పుస్తకం. అవన్నీ అక్కడ ఒక అల్మారాలో ఉన్నాయి. నేను అక్కకు చెప్పింది ఒక్కటే, ఆ డబ్బుతో టికెట్ కొనుక్కో, వెళ్లి ఆ పిల్లతో తెలుగులో మాట్లాడు.

ఇంకా వెళ్లలేదు గానీ, ఇప్పుడు రోజూ ఫోన్లో మాట్లాడుతోంది. కిందటి నవంబరులో వాళ్లింట్లో మెక్సికన్ల పండుగ, చనిపోయినవాళ్లను తలుచుకునేది. బల్ల మీద మెట్లు కట్టి బంతిపూలు పరిచారు. మెక్సికన్ ముత్తవ్వ ఫొటో పక్కన మా బావగారి ఫొటో. పోయినవాళ్లకు ఇష్టమైనవి అక్కడ పెట్టాలి. ఐదేళ్ల పిల్ల ఫోన్ పట్టుకొని అడిగింది.

“అమ్మమ్మా, తాతయ్యకి ఏం ఇష్టం?”

“కాఫీ తల్లీ.”

“చల్లగానా?”

“అయ్యో, పొగలు రావాలి. చక్కెర ఒక్క చెంచానే.”

పిల్ల ఫోన్ బంతిపూల మీదే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తింది. స్పానిష్‌లో వాళ్ల నాన్నకు ఏదో చెబుతోంది. అందులో ‘పొగలు’ అన్న మాట ఒక్కటీ మాకు స్పష్టంగా వినిపించింది.