జానెడు మన్ను

గడ్డపార వేస్తే ఠంగుమంటుంది. జానెడు లోతు దిగిందో లేదో రాయి తగులుతుంది. ఉమ్మడి నల్గొండ జిల్లా దక్షిణపు కొసన... మట్టంపల్లి, మేళ్లచెర్వు, దామరచర్ల చుట్టుపక్కల గుట్టల తీరు ఇది. పైన బూడిదరంగు మన్ను. అందులో అక్కడక్కడా తెల్లటి సుద్దగడ్డలు. కింద పలకలు పలకలుగా సున్నపురాయి. రేగుకంపలు, తంగేడు, వానలు పడితే గడ్డి. చూసినవాళ్లకి 'ఇదీ ఒక నేలేనా' అనిపిస్తుంది. సర్కారు లెక్కల్లోనూ ఇలాంటి గుట్టలు చాలావరకు బంజరు కిందికే పోతాయి. ఆ బంజరు కోసమే ఇద్దరు పోటీ పడుతున్నారు. ఒకరికి కింది రాయి కావాలి, ఇంకొకరికి పైన మొలిచే గడ్డి కావాలి.

నిజానికి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైటు నేల. అది విరిగి ఎర్రటి చెల్కలయ్యాయి. సున్నపురాయి ఉన్నది అంచుల్లోనే. తూర్పున కృష్ణా ఒడ్డు. పడమట కొడంగల్, తాండూరు వైపు. (2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక మట్టంపల్లి, మేళ్లచెర్వు సూర్యాపేటలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి.) కృష్ణా వైపు రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు 'నార్జి సున్నపురాయి' అంటారు. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరే దానికి పెట్టారు. పడమటిది భీమా లోయకు చెందింది. మన ఇళ్లలో పరిచే షాబాదు, తాండూరు బండలు ఆ రాయే. రెండూ డైనోసార్లు పుట్టక ఎంతో ముందు సముద్రం అడుగున పేరుకున్నవి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బయటపడ్డ బౌద్ధ శిల్పాలూ సున్నపురాయివే. అంటే ఈ రాయికి గిరాకీ సిమెంటుతోనే మొదలు కాలేదన్నమాట!

కరిగిపోగా మిగిలింది

ఇంతకీ అంత రాయి మీద మన్ను ఇంత పలచగా ఎందుకుంది? గ్రానైటు పొడి అయితే ఆ పొడే మన్ను అవుతుంది. సున్నపురాయి అలా కాదు. వాననీళ్లలో కరిగి వాగుల్లో కలిసిపోతుంది. రాయిలో ఇరుక్కున్న కాస్త బంకమన్ను, ఇసుకే కరగకుండా మిగులుతాయి. నూటికి 85 వంతులు సున్నమే అనుకోండి... మీటరు మందం రాయి మొత్తం కరిగితే మిగిలే మన్ను మహా అయితే జానెడు. తక్కువ వానలు పడే చోట ఏడాదికి కరిగే రాయి మిల్లీమీటరులో వందోవంతు, అటూఇటూగా. లెక్క కట్టి చూస్తే జానెడు మన్ను తయారీకి దగ్గర దగ్గర లక్ష ఏళ్లు పడుతుంది. అదీ వాన కోసుకుపోకుండా గుట్ట మీదే నిలిస్తే!

ఆ మన్ను దాచుకునే నీరూ తక్కువే. జానెడు లోతున మొక్కకు అందే తేమ పాతిక, ముప్పై మిల్లీమీటర్లకు మించదు. ఎండ కాస్తే వారంలో హరించుకుపోతుంది. ఏడాది సగటు వాన మహబూబ్‌నగర్‌లో సుమారు 600, నల్గొండలో 750 మిల్లీమీటర్లు. అందులోనూ వానకూ వానకూ నడుమ రెండు మూడు వారాల ఎడం మామూలే. పైరు తట్టుకోలేదు. గడ్డి మాత్రం ఎండి, మళ్లీ చినుకు పడగానే లేస్తుంది.

ఇక సున్నం చేసే అల్లరి. గుప్పెడు మన్ను మీద ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. అలాంటి నేలలో డీఏపీ వేస్తే అందులోని భాస్వరాన్ని సున్నం పట్టేస్తుంది. యూరియా పైపైన చల్లితే చాలా భాగం గాలిలో కలుస్తుంది. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. వేరుశనగ లేతాకులు ఈనెలు పచ్చగా ఉండగానే పాలిపోవడానికి కారణం అదే. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మఉప్పు కలిపి కొడితే ఆకు మళ్లీ పచ్చబడుతుంది. బత్తాయికి పేరుపడ్డ నల్గొండలోనే, అడుగున సున్నపు పొర ఉన్నచోట తోట పెట్టొద్దని చెప్పేదీ ఇందుకే. మొదటి మూడు నాలుగేళ్లు బాగానే పెరుగుతుంది. వేరు సుద్దలోకి దిగాక మొదలవుతుంది బాధ.

అయితే సున్నం నేలలన్నీ ఇంతేనా అంటే, కాదు. గుట్ట దిగి పల్లానికి వస్తే అదే సున్నపు మన్ను నల్లరేగడిగా లోతుగా పేరుకుంటుంది. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది అలాంటి నేలల్లోనే. గుట్ట పోగొట్టుకున్నది పల్లానికి దక్కిందన్నమాట.

గొర్రె బతుకు, గుట్ట బతుకు

గుట్ట మీదికి నాగలి పోదు. అందుకే అది గొల్ల కురుమలకు మిగిలింది. వానాకాలం పైర్లున్నప్పుడు మందలకు గుట్టలే దిక్కు. కోతలయ్యాక చేలలోకి దిగుతాయి. రైతులు రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారు. సున్నం నేలకు ఆ పెంట రెండింతల మేలు చేస్తుంది. సున్నం బిగించిన పోషకాలు కాస్తయినా వదులయ్యేది పెంటా, ఆకూ కుళ్లినప్పుడే.

2012 పశుగణనలో తెలంగాణ ప్రాంతంలో గొర్రెలు సుమారు 1.28 కోట్లు. 2019 నాటికి 1.9 కోట్లు దాటి దేశంలోనే మొదటి స్థానం. 2017లో మొదలైన పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. మరి మేత? దాన్ని ఏ పథకమూ యూనిట్లుగా పంచలేదు. మంద పెరిగి గుట్ట పెరగకపోతే గడ్డి మొదలంటా పోతుంది. గడ్డి పోతే మన్ను ఆగదు.

రాయి కథ వేరు. టన్ను సిమెంటుకు దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి. మట్టంపల్లి, మేళ్లచెర్వు, వాడపల్లి ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు వరసగా వెలిసిందీ అందుకే. వాటివల్ల ఎందరికో పని దొరికింది, కాదనలేం. కానీ రాయి తీయాలంటే ముందు పై మన్ను ఎత్తాలి. దాన్ని విడిగా పోసి ఉంచి, తవ్వకం ముగిసిన చోట తిరిగి పరచాలన్నది 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాల్లోనే ఉంది. మన్ను ఒకచోట, రాళ్ల చెత్త ఇంకోచోట... చెప్పడానికి తేలిక. జానెడు పొరను యంత్రంతో ఎత్తేటప్పుడు రెండూ కలిసిపోకుండా చూడటమే కష్టం. ఒకసారి కలిస్తే వేరుచేయడం ఎవరి తరమూ కాదు.

పోసిన కుప్పలు ఎత్తుగా, నగ్నంగా ఉంటే రెండు వానలకే కోసుకుపోతాయి. అంజన్ గడ్డి, స్టైలో హమాటా ఈ సున్నం నేలకు సరిపడే మేతలు. స్టైలో పుట్టిల్లే కరీబియన్ దీవుల సున్నపు నేలలు. పైగా గాలిలో నత్రజనిని వేళ్లలో పోగుచేసే పప్పుజాతి మొక్క. దాని గింజ పైపొర గట్టిది. వేడినీళ్లలో కొద్ది నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, తొలకరికి ముందు చల్లాలి. మొదటి ఏడాది గొర్రెల్ని దూరంగా ఉంచితే వేళ్లు మన్నును పట్టుకుంటాయి. రెండో వానాకాలం నుంచి మంద తోలుకోవచ్చు.