ఒక క్రిమి తలుపు తీస్తే...

గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెత సూక్ష్మజీవుల లోకంలో అక్షరసత్యం. అండమాన్ దీవుల చరిత్రే అందుకు సాక్ష్యం.

1858లో ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పే నాటికి గ్రేట్ అండమాన్ అడవులలో పది తెగలవారు వేటాడుతూ, చేపలు పడుతూ స్వేచ్ఛగా జీవించేవారు. వారి సంఖ్య ఐదువేల వరకు ఉండేదని ఒక అంచనా. 1901 జనాభా లెక్కలనాటికి వారిలో మిగిలినవారు 625 మంది. 1961 నాటికి కేవలం 19 మంది!

ఈ వినాశనంలో తుపాకులకంటె రోగాల పాత్రే పెద్దది. 1868లో న్యుమోనియా, 1876లో బయటపడిన సిఫిలిస్, 1877లో తట్టు, ఆ తరువాత ఇన్‌ఫ్లుయెంజా ఒకదాని వెనుక ఒకటిగా వచ్చాయి. అండమానీయుల వ్యవహారాలను పర్యవేక్షించిన అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1899లో వారి చరిత్రను ప్రచురించాడు. ఒక్క తట్టు వల్లనే గ్రేట్ అండమాన్ ఆదివాసులలో కనీసం సగంమంది మరణించి ఉంటారని అందులో ఆయన అభిప్రాయపడ్డాడు.

తట్టు అంతటి ప్రాణాంతకం ఎలా అయింది? ఆ ప్రజల శరీరాలకు ఆ వైరస్‌తో పూర్వపరిచయం లేకపోవడం మొదటి కారణం. కాని వైరస్ ఒక్కటే హంతకి అనుకుంటే అది సగం నిజమే. తట్టు సోకినవారిని తరచుగా బలిగొనేది దాని వెంట వచ్చే న్యుమోనియా.

చెరిగిపోయే జ్ఞాపకాలు

మన రక్తంలోని కొన్ని తెల్లకణాలు, గతంలో పోరాడిన శత్రువులను గుర్తుంచుకుంటాయి. తట్టు వైరస్ ఆ కణాలలోనే ప్రవేశించి వాటిని నాశనం చేస్తుంది. టీకా వేయించుకోని పిల్లలపై జరిపి, 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఇతర వ్యాధులను ఎదుర్కొనే ప్రతిరక్షకాలలో 11 నుండి 73 శాతం వరకు తట్టు తరువాత మాయమైనట్లు తేలింది. ఒళ్లంతా కనిపించే దద్దుర్లు వారంలో మాయం కావచ్చు. లోపల కోల్పోయిన రక్షణ మాత్రం నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు గడిచినా తిరిగి రాదు.

ఇన్‌ఫ్లుయెంజా ఎత్తుగడ వేరు. శ్వాసనాళాల లోపలి కణాలపై సన్నని కేశాలు నిరంతరం కదులుతూ దుమ్మును, క్రిములను బయటికి నెట్టివేస్తుంటాయి. ఈ వైరస్ ఆ కణాలను ధ్వంసం చేస్తుంది. అంతేకాదు, కణాల పైపొరలోని ఒక రకమైన చక్కెరను తెగగొడుతుంది. దానితో న్యుమోనియా బాక్టీరియాకు అతుక్కునే చోటు దొరుకుతుంది. తెగిన చక్కెర ఆహారంగా కూడ ఉపయోగపడుతుంది. 1918నాటి మహమ్మారిలో మరణించినవారి ఊపిరితిత్తుల నమూనాలను అమెరికా శాస్త్రజ్ఞులు పరిశీలించి, అధికసంఖ్యాకులను చంపినవి వైరస్ వెనుక వచ్చిన బాక్టీరియాలేనని 2008లో వెల్లడించారు.

ఈ కూటమిలో శిలీంధ్రాలకూ చోటుంది. కాండిడా అనే శిలీంధ్రం పోగులుగా పెరిగి కణజాలంలోకి చొచ్చుకుపోయేటప్పుడు, స్టెఫిలోకోకస్ బాక్టీరియా దానిని అంటిపెట్టుకుని లోనికి చేరగలదు. 2021లో కోవిడ్ నుండి కోలుకుంటున్న వేలాదిమంది భారతీయులను 'బ్లాక్ ఫంగస్' పీడించింది. అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం ఆ బూజుకు మార్గం సుగమం చేశాయి.

అయితే సూక్ష్మజీవులన్నీ కుట్రదారులు కావు. మన శరీరంలో సహజంగా నివసించే బాక్టీరియా కాండిడాను అదుపులో ఉంచుతుంది. అనవసరంగా యాంటీబయాటిక్స్ వాడితే ఆ కాపలాదారులే చనిపోతారు.

తిరిగివచ్చిన శత్రువు

తరతరాలుగా బయటివారిని దరిచేరనీయని జరవాలు 1997 చివరినుండి అడవి దాటి రావడం ప్రారంభించారు. రెండేండ్లు తిరగకముందే, 1999లో, వారిలో తట్టు ప్రబలింది. న్యుమోనియా కూడ తోడైంది. 1877నాటి జంటశత్రువులే! కాని ఈసారి ఆసుపత్రులు ఉన్నాయి. తట్టు వైరస్‌ను చంపే మందు లేకపోయినా, దాని వెంట వచ్చే బాక్టీరియాను చంపే మందులున్నాయి. ఆనాటి వినాశనం పునరావృతం కాలేదు. 2001లో 240గా ఉన్న జరవాల జనాభా 2011 నాటికి 380కి చేరింది.

2020 ఆగస్టులో గ్రేట్ అండమానీయులలో పదిమందికి కోవిడ్ సోకినప్పుడు దేశం ఉలిక్కిపడింది. యాభై, అరవైమందికి మించని ఆ జాతికి పదిమంది అంటే చిన్న సంఖ్య కాదు. అదృష్టవశాత్తు అందరూ కోలుకున్నారు.

ఆదివాసుల ప్రాంతాలలోకి అనుమతి లేకుండా ఎవరూ ప్రవేశించరాదని 1956నాటి చట్టం శాసిస్తున్నది. వేడుక చూడబోయే యాత్రికునికి అది చాదస్తంగా తోచవచ్చు. కాని అతని సాధారణమైన జలుబు, తట్టు, దగ్గు అవతలివారి ఇంట ఎన్ని రోగాలకు తలుపు తెరుస్తుందో అతడెరుగడు. రెండవ శత్రువును ఎదుర్కొనడానికి మందులున్నాయి. మొదటి శత్రువును గడప దాటనీయకపోవడమే అసలైన వైద్యం.