తాటిబూరెలు: పదిచేతుల పిండివంట

శ్రావణమాసము సగము గడచునప్పటికి గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెలలో తెల్లవాఱకమునుపే చెఱువుగట్టు వైపు పోయిన పిల్లలు వట్టిచేతులతో తిరిగి రారు. రాత్రి గాలికి రాలిన తాటిపండ్లను రెండుచేతుల పొదివిపట్టుకొని వత్తురు. పండు వాకిట నుండగనే దాని వాసన వంటయింటికి చేరును. పైన నల్లని తొక్క, లోపల పసుపుపచ్చని పీచు, పీచునంటి గుజ్జు, ఆ గుజ్జు నడుమ సాధారణముగ మూడు టెంకలు. వేసవిలో ముంజలకు కోయక చెట్టుననే విడిచిన కాయలు ఈనాటికి పండ్లగును.

ఈ పండ్లు దొరకు దినములు కొద్ది. ఆ కొద్ది దినములలోనే కృష్ణాష్టమియు, వినాయకచవితియు వచ్చును. ఆడపడుచులు పుట్టిండ్లకు వత్తురు, చుట్టములు చేరుదురు, ఇల్లు నిండును. చవితినాడు దేవునికి కుడుములు, ఉండ్రాళ్ళు ఎట్లును తప్పవు. ఇంటికి వచ్చినవారికి మాత్రము తాటిబూరెలు పెట్టినగాని తృప్తి కలుగదు. కావున ఈ మాసము మేము తాటిబూరెలను గూర్చి వ్రాయదలచితిమి. వానిని చేయు విధమొక్కటియే కాదు, ఎవరెవరు చేయవలయునను మాటయు నిందు చెప్పదలచితిమి. ఈ రెండవది లేనిచో మొదటిదానికి రుచి లేదని మా నమ్మకము.

భాగవత దశమస్కంధములోని ధేనుకాసురుని కథ మన సోదరీమణులు విననిది కాదు. తాళవనమునుండి వచ్చు పండ్ల కమ్మని వాసనకు గోపబాలురు నోరూఱి రామకృష్ణుల నడిగిరి. బలరాముడు చెట్లను పట్టి యూపి పండ్లను రాల్చెను. గాడిదరూపమున అడ్డము వచ్చిన యసురుని కూల్చెను. వంగదేశమున కృష్ణాష్టమికి తాటిగుజ్జుతో మన బూరెలవంటి పిండివంటనే చేసి కృష్ణునకు నివేదించు వాడుక నేటికిని కలదు. దానిని వారు 'తాలేర్ బొరా' యందురు. బియ్యపుపిండి, కొబ్బరి, తీపి చేర్చి వారును మనవలెనే నూనెలో వేచుదురు. దూరముననున్న ఆ వంటయిండ్లును మన వంటయిండ్లును ఈ యొక్క పండు వాసనచేత చుట్టములైనవి.

ఈ పురాణకథలో మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. కోరినవారు పిల్లలు, పండ్లు రాల్చినవాడు బలవంతుడు. మన యిండ్లలో కోరువారు పదిమంది. శ్రమపడునది మాత్రము ఒక్కతె.

కొన్నియేండ్ల క్రిందట చవితి మఱునాడు మేమొక బంధువులయింటికి పోయితిమి. ఇరువదిమందికి పైగా చేరియుండిరి. వసారాలో నవ్వులు, పేకాట, పిల్లల పరుగులు. వంటయింటిలో ఆ యింటి కోడలొక్కతెయే యుండెను. చీకటితో లేచి పండ్లన్నిటి గుజ్జు తానే తీసెను. బెల్లము తానే తఱిగెను. పిండి తానే కలిపెను. ఇప్పుడు బాణలిముందు తానే నిలిచియుండెను. వాయి దిగుటయే తడవు పళ్ళెము వసారాకు పోవుచుండెను. కొంతసేపటికి ఖాళీపళ్ళెమును, దానివెంట "ఇంకొక వాయి వేడివేడిగా!" అను కేకయు వచ్చుచుండెను. మధ్యాహ్నము రెండుగంటలకు ఆమె యెదుట మిగిలినవి చిట్లిపోయిన నాలుగు బూరెలు.

"నువ్వు తినలేదేమమ్మా?" యని మేమడిగితిమి.

"ఆ నూనెవాసనకే కడుపు నిండిపోయిందండీ పిన్నిగారూ" అని ఆమె నవ్వెను.

ఆమె మణికట్టుమీద నూనె చింది పొక్కిన మచ్చలు మూడు మాకు కనబడినవి. ఇంటనున్న యింతమందిలో ఎవ్వరును వానిని చూచినట్లు లేదు. మేమును ఆనాడు రెండు వాయిల బూరెలు తినినవారమే. అది తలచుకొన్నప్పుడెల్ల మాకు సిగ్గగును. వచ్చునప్పుడు ఆ యింటి అత్తగారితో మచ్చల సంగతి మాత్రము చెప్పి వచ్చితిమి. ఆమె బదులాడలేదు.

బూరెల పని కష్టమైనదే కాని, దానిని పంచుకొనుట కష్టము కాదు. ఈ వంటలో పనులు మూడు. మూటికిని కావలసిన చేతులు వేఱువేఱు.

మొదటిది గుజ్జు తీయుట. ఇది బలముగల చేతుల పని. పండు మెత్తబడి, మంచివాసన కలిగియుండవలెను. పగిలి పులిసినది, పురుగుపట్టినది పనికిరాదు. పండును కడిగి, ముచ్చిక తీసి, నల్లతొక్కను ఒలిచి, టెంకలను విడదీయవలెను. ఒక్కొక్క టెంకపై కొలదిగ నీరు చిలుకరించి పిసికినచో పీచు వదులగును. అప్పుడు దానిని చిల్లులపళ్ళెము వెనుకవైపున రుద్దినచో గుజ్జు దిగును. నీరెక్కువైనచో గుజ్జు పలుచనై పిండి నెక్కువగ త్రాగును, బూరె గట్టిపడును. దిగిన గుజ్జును జల్లెడలో పోసి, పీచు పైననే నిలుచునట్లు గరిటెతో అదుమవలెను.

ఇందు నేర్పుకన్న ఓపికయు బలమును ముఖ్యము. కావున దీనిని ఇంటిలోని బలరాములకు, అనగా మగవారికిని ఎదిగిన పిల్లలకును ఒప్పగింపవలెను. చేతులు పచ్చబడును, గోళ్ళలో పీచు ఇఱుకును, పిల్లలకదియొక వేడుక. వసారాలో పాతచీర పఱచి నలుగురు కూర్చున్నచో మాటలలోనే పని తీఱును. ఒక్కరికైనచో పూట పట్టును.

ఇచ్చట నొక హెచ్చరిక. కొన్ని పండ్లు చేదుగ నుండును. ఆ పండులో సహజముగ నుండు సాపోనిన్ల జాతి పదార్థములే ఆ చేదునకు కారణము. బెల్లము కలిపినంతమాత్రమున అది మఱుగుపడదు. కావున ఒక్కొక్క పండు గుజ్జును వేఱుగ తీసి, రవ్వంత నాలుకపై వేసికొని చూచి, చేదులేనిదానినే పెద్దగిన్నెలో చేర్చవలెను. చూడక కలిపినచో ఒక్క పండు అందఱి శ్రమను చెఱచును. చేదు స్వల్పమైనచో గుజ్జును పలుచనిగుడ్డలో మూటగట్టి వ్రేలాడదీయుదురు. కాఱిన నీటితో కొంత చేదు పోవును.

రెండవది కలుపుట. ఇది చేయితిరిగిన పెద్దవారి పని. ఏ గ్లాసుతో కొలిచినను సరే, అన్నిటికి అదే గ్లాసు వాడవలెను. గుజ్జు 2 గ్లాసులు, బియ్యపురవ్వ 2 గ్లాసులు, తఱిగిన బెల్లము 1 గ్లాసు, పచ్చికొబ్బరి తురుము అరగ్లాసు, యాలకులు 6, ఉప్పు చిటికెడు. తీపి యెక్కువ కోరువారు బెల్లము మఱి పావుగ్లాసు వేసికొనవచ్చును. బెల్లమును ముందుగ కొంత గుజ్జులో వేసి సన్నని సెగపై కరగించి వడియగట్టుట మేలు. ఇసుక యుండిన పోవును. అది చల్లారిన పిమ్మట తక్కిన వస్తువులతో కలిపి, మూతపెట్టి రెండుగంటలు నాననీయవలెను. రవ్వ తడిని పీల్చి ఉబ్బును. కలిపినప్పుడు జారుగ నున్నది అప్పటికి గట్టిపడును. ఇంకను జారుగనే యున్నచో రెండుచెంచాల గోధుమపిండి చేర్చినచో ముద్ద నిలుచును. రవ్వకు బదులు బియ్యపుపిండి వేసినచో బూరె మెత్తగ వచ్చును. రవ్వతోనైనచో పైన కరకరలాడును.

తాటిగుజ్జు త్వరగ పులియును. ఉదయము తీసినదానిని ఆ పూటనే వాడవలెను; కానిచో ఫ్రిజ్జులో నుంచవలెను. ముందునాడే తీసి బయట నుంచుట తగదు.

మూడవది వేచుట. ఇది ఇద్దఱి పని. ఎన్నడును ఒక్కరిది కారాదు. ఒకరు నూనె రాచిన అరటియాకుపై నిమ్మకాయంత ముద్దను చిన్నబిళ్ళగ తట్టి యిచ్చుచుండగ, రెండవవారు వేచవలెను. నాలుగు వాయిల కొకమాఱు చోట్లు మార్చుకొనవలెను. బాణలిలో నూనె సగమునకు మించరాదు. చిటికెడు పిండి వేసి చూచినచో అది అడుగునకు పోయి నెమ్మదిగ పైకి తేలవలెను. వేసినవెంటనే నల్లబడినచో సెగ యెక్కువయని తెలియవలెను. పండులోని తీపియు బెల్లమును త్వరగ మాడును గనుక పెద్దసెగపై వేచిన బూరె పైన నల్లబడి లోపల పచ్చిగ నుండును. నడిమిసెగపై రెండువైపుల ఎఱ్ఱగ వేచి, చిల్లులగరిటెతో తీసి నూనె ఓడ్చవలెను. మొదటి వాయిలో నొకదానిని విఱిచి చూచినచో తక్కినవానికి ఎంతసేపు పట్టునో తెలియును.

పొయ్యిదగ్గఱ నిలుచువారు పైటచెఱగు దోపుకొనవలెను. తడిచేయి, తడిగరిటె నూనెకు దూరముగ నుంచవలెను. పిల్లలను ఆ దరికి రానీయరాదు. ఒకవేళ నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. నీరు పోసిన మంట పైకెగయును. పొయ్యి ఆర్పి, పెద్దమూతతో బాణలిని కప్పవలెను, దానిని కదల్పరాదు. నూనె చింది చేయి కాలినచో గాజులు, ఉంగరములు తీసి, పాఱుచున్న చల్లని నీటిక్రింద 20 నిమిషములు ఉంచవలెను. సిరా, పండ్లపొడి, టూత్‌పేస్టు పూయుట హాని. గాయము పెద్దదైనచో వైద్యునికి చూపవలెను. "చిన్న పొక్కే గదా" యని కొంగుక్రింద దాచుకొనుట మనలో చాలమందికి అలవాటు. ఆ యలవాటు మానవలెను.

ఇక వడ్డన. దేవునికి నైవేద్యము తీసినపిమ్మట మొదటి వాయిలోని బూరెలు పొయ్యిదగ్గఱనున్నవారివి. ఇది మేము పెట్టుకొన్న నియమము. వేడివేడి బూరె రుచి చేసినవారికి తెలియకపోవుట న్యాయము కాదు. పైగా ఉప్పు, తీపి, పచ్చి తెలిసికొనుటకును అదియే దారి.

తాటిపండు దొరకని పట్టణములలోని సోదరీమణులు బాగుగ మగ్గిన అరటిపండ్లతో ఇట్టివానిని చేసికొనవచ్చును. నాలుగు పండ్లు మెదిపి, పావుగ్లాసు బెల్లము కరగించి, యాలకులపొడి వేసి, ముద్ద జాఱకుండునంత గోధుమపిండియు, కరకరలాడుటకు కొలదిగ బియ్యపుపిండియు చేర్చి, చిన్నచిన్న ముద్దలుగ నూనెలో విడువవలెను. తొక్క నల్లబడినందున ఎవరును తినని పండ్లు దీనికి మేలైనవి. మలయాళదేశమువారు నేంద్రపండ్లను నిలువుగ కోసి జారుపిండిలో ముంచి వేచుదురు. వారి 'పళంపొరి' అదియే. ఏ పండైనను చేతుల పంపకము మాత్రము మఱువరాదు.

తాటిబూరెలలో తడి యుండును గనుక జంతికలవలె నిలువయుండవు. ఒకటిరెండు దినములలో ముగింపవలెను. గుజ్జు తీసిన టెంకలను పాఱవేయక దొడ్డిలో మట్టి గుల్లచేసి పాతిపెట్టవలెను. సంక్రాంతినాటికి అవి తేగలగును. నేడు గుజ్జు తీసిన పిల్లలే అప్పుడు వానిని త్రవ్వుకొని కాల్చుకొని తినుటకు వత్తురు.

మఱుసటియేడు చవితికి మేము మరల ఆ యింటికే పోయితిమి. ఆ యత్తగారు తాటిపండ్ల గంప ముందుంచుకొని వసారా నడుమ పీటవేసికొని కూర్చుండియుండెను. వచ్చినవారికెల్ల ఆమె చెప్పుచుండిన మాట యొక్కటియే.

"గుజ్జు తియ్యనివాళ్ళకి బూరె లేదు. మనవలైనా సరే, అల్లుడుగారైనా సరే."

అల్లుడుగారు ముందు నవ్విరి. పిమ్మట చొక్కాచేతులు మడిచిరి. పేకముక్కలు ఆనాడు పెట్టెలోనుండి బయటికి రాలేదు. వంటయింటిలో కోడలితోపాటు పెద్దాడపడుచు నిలుచుండెను. నైవేద్యమైనపిమ్మట అత్తగారు లోనికిపోయి, ఆకులో రెండు బూరెలు పెట్టి కోడలిచేతి కిచ్చి, తినువఱకు అచ్చటనే నిలుచుండెను.

కోడలు ఒకటి తిని మావైపు తిరిగి, "వేడిమీద ఇంత బాగుంటాయని నాకు తెలీదండీ పిన్నిగారూ" అనెను.

అప్పటికి పదునొకండేండ్లుగ మేమందఱము ఆమె చేతి తాటిబూరెలు తినుచుంటిమి.