ముక్కు ఒక్కటే చూడకండి: సూదిముక్కు చేప, సగంముక్కు చేప, ఎగిరే చేప

ఈ ఎపిసోడ్‌లో మూడు రకాల చేపల్ని ఎలా గుర్తుపట్టాలో చెప్తాను. నీడిల్ ఫిష్, హాఫ్ బీక్, ఫ్లయింగ్ ఫిష్. మన మాటల్లో సూదిముక్కు చేప, సగంముక్కు చేప, ఎగిరే చేప అనుకుందాం. మూడూ ఒకే వర్గం, బెలోనిఫార్మిస్. రేవులో పట్టుబడి లెక్క రాసేటప్పుడు ఒక రకం ఇంకో రకం ఖాతాలో పడిపోతే, ఏది తగ్గుతోందో ఏది పెరుగుతోందో తెలియకుండా పోతుంది. అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

ముందు మూడింటికీ కామన్‌గా ఉన్నవి చూడండి. వెన్నురెక్క బాగా వెనక్కి, తోక దగ్గరికి జరిగి ఉంటుంది. దానికి దాదాపు ఎదురుగా కింద ఇంకో రెక్క. రెక్కల్లో గట్టి ముళ్లుండవు. చాలా చేపలకి ఒంటి పక్కన మధ్యలో కనపడే గీత, అంటే పార్శ్వరేఖ, వీటికి పొట్ట అంచున ఉంటుంది.

ఇప్పుడు ముక్కు. రెండు దవడలూ సాగి, నిండా సూదుల్లాంటి పళ్లుంటే సూదిముక్కు. కింది దవడ ఒక్కటే సాగి, పైది చిన్న త్రికోణంలా ఆగిపోతే సగంముక్కు. (మన కొమ్ముకోనానికి పొడుగ్గా ఉండేది పై దవడ. ఇది దానికి రివర్స్.) రెండు దవడలూ పొట్టిగా ఉండి, మొప్పల వెనక రెక్కలు బారుగా వెనక్కి సాగితే ఎగిరే చేప.

వినడానికి తేలికే. అసలు చిక్కు ఇక్కడుంది. సూదిముక్కు పిల్లలకి కింది దవడ ముందు పెరుగుతుంది, పైది తర్వాత అందుకుంటుంది. ఆ వయసులో అది అచ్చం సగంముక్కులాగే ఉంటుంది! అప్పుడు లెన్సు పెట్టి పై దవడ చూడండి. సగంముక్కుకి అది వెడల్పాటి త్రికోణపు రేకు. కొన్ని సూదిముక్కు జాతుల పిల్లల్లో వెన్నురెక్క వెనక భాగం నల్లగా, పొడుగ్గా కూడా ఉంటుంది.

రెండో చిక్కు, వలలో సగంముక్కు ముక్కు విరిగిపోవడం. అప్పుడు దాన్ని ఎగిరే చేప అనుకునే ప్రమాదముంది. తోక చూసి తేల్చేద్దాం అనుకోకండి. తోక కింది పాయ పొడుగ్గా ఉండటం ఎగిరే చేపకే కాదు, చాలా సగంముక్కులకీ ఉంది. మొప్పల వెనక రెక్కని వేలితో విప్పండి. బజారులో అది ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, విప్పితేగానీ తెలీదు. విసనకర్రలా తెరుచుకుంటే ఎగిరేదే. పొట్ట కింద రెక్కలు కూడా పెద్దవైతే నాలుగు రెక్కల రకం, చిన్నవైతే రెండు రెక్కల రకం. పేరుకి ఎగిరే చేపేగానీ రెక్కలాడించదు, తోకతో నీటిని కొట్టుకుని లేచి గాలిలో జారుతుంది. 2008లో జపాన్ దగ్గర ఒకదాన్ని 45 సెకన్లు గాల్లో ఉండగా వీడియో తీశారు.

సూదిముక్కుని కోస్తే ఇంకో గుర్తు దొరుకుతుంది. ఎముకలు పచ్చగా, ఆకుపచ్చగా ఉంటాయి. చెడిపోయిందని పారేస్తారు కొందరు, పాపం. అది బిలివర్డిన్ అనే వర్ణకం వల్ల వచ్చిన రంగు, విషం కాదు. ఉడికించినా రంగు పోదు, నిక్షేపంగా తినొచ్చు. బతికున్నప్పుడు మాత్రం జాగ్రత్త. రాత్రిపూట పడవ దీపాల వెలుగుకి నీళ్లలోంచి ఎగిరొచ్చి ఆ ముక్కుతో మనుషుల్ని పొడిచిన ఘటనలున్నాయి.

వచ్చే ఎపిసోడ్‌లో సూదిముక్కుల్లోనే రకాలు చూద్దాం. ఉంటానండి.