మొదటి ఎత్తు కాదు, యాభై ఐదో ఎత్తు



చెస్ క్లాసులో చేర్చిన నెలలోపే మీలో చాలామంది అడిగే ప్రశ్న: "మా పాపకు ఏ ఓపెనింగ్ నేర్పుతున్నారు?" వాకాడు నుంచి గూడూరుకో నెల్లూరుకో పోటీకి తీసుకెళ్లి, ఓడిన బిడ్డను బండి వెనక కూర్చోబెట్టుకుని తిరిగొచ్చిన వారికి ఆ ప్రశ్న రావడం సహజమే.

ఓపెనింగ్ అంటే ఆటలో తొలి పది పదిహేను ఎత్తులు. సిసిలియన్, ఫ్రెంచ్ అని పేర్లు ఎన్ని ఉన్నా పిల్లలకు ముందు కావలసినవి మూడు పనులే: బంట్లతో నడిమి గళ్లు పట్టడం, గుర్రాలనూ శకటులనూ (పిల్లలు బిషప్ అంటారు) బయటికి తేవడం, క్యాస్లింగ్ చేసి రాజును భద్రం చేయడం.

2024 డిసెంబరు 12, సింగపూర్. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పద్నాలుగో ఆట. చెన్నైలో పుట్టిన తెలుగింటి కుర్రాడు గుకేశ్‌కు ఆరున్నర పాయింట్లు, చైనా చాంపియన్ డింగ్ లిరెన్‌కూ ఆరున్నరే. తెల్లపావులు డింగ్‌వి. ముందు గుర్రాన్ని కదిపి, తర్వాత శకటును పక్కనుంచి తెచ్చాడు. సాధారణంగా నల్లపావులవాళ్లు ఆడే గ్రున్‌ఫెల్డ్ పద్ధతి అది. తెల్లపావులతో ఆడితే ఒక ఎత్తు కలిసొస్తుంది. గుకేశ్ తయారీ బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. ఇంత సన్నాహం ఉన్నా ఓపెనింగ్‌తో ఎవరూ గెలిచిపోలేదు.

గంటలు గడిచాయి. ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు మిగిలాయి. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. అయినా డ్రా కావలసిన స్థితే. గుకేశ్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2 గడికి జరిపాడు. గుకేశ్ ఏనుగులను మార్చుకున్నాడు. మూలన చిక్కిన డింగ్ శకటుకు ఎదురుగా తన శకటును నిలిపేసరికి ఆ మార్పిడీ తప్పలేదు. రాజులూ బంట్లే మిగిలాక ఆ ఒక్క బంటే చాలింది. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్!

అన్నట్టు, గుకేశ్ చిన్నప్పుడు కోచ్ విష్ణు ప్రసన్న అతణ్ని చాలాకాలం కంప్యూటర్ ఇంజన్ల జోలికి పోనివ్వలేదు. ఫోన్లో ఓపెనింగ్ వీడియోలు పెట్టిచ్చే మనకు ఇది కాస్త ఇబ్బంది పెట్టే సంగతే.

పెద్ద పోటీల్లో పిల్లలు ప్రతి ఎత్తూ స్కోరుషీటులో రాస్తారు. ఓడి వచ్చిన రోజు తిట్టకుండా, అన్నం తిన్నాక ఆ కాగితం ముందుంచి, "ఎక్కడ తొందరపడ్డావమ్మా?" అని అడిగి, ఆ ఎత్తు పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టించండి. సోమవారం బ్యాగులో పెట్టి పంపండి. క్లాసులో ఆ చుక్క దగ్గర్నుంచే మళ్లీ ఆడిస్తాం.