హ్యాండిల్ పడింది సరే, పిన్ను దిగిందా?

అమెరికాలోని ఒరెగాన్‌లో వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ విమానాల విడిభాగాలను కిట్‌గా అమ్ముతుంది. కొన్నవాళ్లు ఇంటి గ్యారేజీలోనే రివెట్లు కొట్టుకుంటూ ఏళ్ల తరబడి వాటిని కూర్చుకుంటారు. 2003లో తొలిసారి ఎగిరిన ఆర్‌వీ-10 వీళ్లదే. నలుగురు కూర్చోవచ్చు, గంటకు 300 కిలోమీటర్లు దాటి పోతుంది. ఇంత మంచి విమానానికి తలుపుల బెడద పట్టుకుంది. గాల్లో ఉండగానే తలుపు ఊడి ఎగిరిపోయిన ఘటనలు పలుమార్లు జరిగాయి.

ఆ తలుపుల కీళ్లు పైన, కప్పు దగ్గర ఉంటాయి. తెరిస్తే పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. ఫ్లయింగ్ స్కూళ్లలో కనిపించే సెస్నా విమానానికైతే కీళ్లు ముందువైపు ఉంటాయి కాబట్టి, గడియ జారినా ఎదురుగాలి తలుపును ఎక్కువగా తెరుచుకోనివ్వదు. ఆర్‌వీ-10 తలుపుకు ఆ రక్షణ లేదు. ఒంపు తిరిగిన క్యాబిన్ మీదుగా గాలి వేగంగా పారుతున్నప్పుడు బయట పీడనం తగ్గుతుంది, తలుపును బయటికి లాగుతుంది. కొంచెం సందు దొరికితే చాలు, మిగతా పని గాలే చేస్తుంది. ఊడిన తలుపు వెళ్లి తోకకు తగిలితే విమానం అదుపు తప్పే ప్రమాదం కూడా ఉంది.

లోపం ఎక్కడుందో చూడాలంటే తలుపు అంచున వేలు పెట్టి చూడాలి. హ్యాండిల్ తిప్పితే ముందొక పిన్ను, వెనకొక పిన్ను బయటికి పొడుచుకొచ్చి ఫ్రేములోని రంధ్రాల్లో దూరాలి. తలుపు ఫైబర్‌గ్లాసుది, కాస్త వంగుతుంది. ముందు పిన్ను సరిగ్గా దిగి, వెనక పిన్ను ఫ్రేము బయటే ఉండిపోవచ్చు. అప్పుడు కూడా హ్యాండిల్ పూర్తిగా తిరుగుతుంది! పైలట్ చేతికి తలుపు పడినట్టే అనిపిస్తుంది. అందుకే 2010లో కంపెనీ ప్రతి తలుపుకూ రెండో కొక్కెం బిగించుకోమని యజమానులకు సూచించింది. పిన్ను దిగకపోతే ప్యానెల్ మీద హెచ్చరించే దీపాలూ ఉంటాయి. అయినా టేకాఫ్‌కు ముందు తలుపు వెనక మూలను అరచేత్తో నెట్టి చూడటం మానకూడదు.

ఇదే తప్పుకు పెద్ద విమానం చెల్లించిన మూల్యం ఘోరమైనది. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 కూలి 346 మంది చనిపోయారు. సామాన్ల గది తలుపు గడియలు పూర్తిగా పడకుండానే హ్యాండిల్ మూసుకోవడం అక్కడ జరిగింది. దాదాపు రెండేళ్ల ముందే అదే రకం విమానంలో అలాంటి తలుపే ఊడినా, సరైన దిద్దుబాటు అన్ని విమానాలకూ అందలేదు.

చిన్న విమానంలో తలుపు తెరుచుకోగానే ప్రాణం తీసేది చాలాసార్లు పైలట్ కంగారు. చెవులు పగిలే హోరు, ఎగిరిపోయే కాగితాలు, తలుపు కోసం చాచిన చెయ్యి. ఈలోగా విమానం వేగం పడిపోతుంది. తలుపును దాని మానాన వదిలేసి, వేగం నిలుపుకుని, మెల్లగా తిరిగొచ్చి దిగాలని శిక్షకులు నూరిపోస్తారు.

మన దేశంలో ఇంట్లో విమానం కట్టేవాళ్లు అరుదు. పైలట్ అమోల్ యాదవ్ ముంబయిలో మేడ మీద తయారు చేసిన విమానానికి 2017లో గానీ రిజిస్ట్రేషన్ దక్కలేదు. అలాంటి విమానం రేపు భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం మీదుగా పోతూ ఇంజిన్ ఆగితే దిగడానికి చోటేది? కింద అడవి, లేదంటే గోదావరి, వేసవిలోనైతే ఇసుక తిన్నెలు. అప్పుడు ఇదే తలుపు గడియ గురించి సెస్నా చెక్‌లిస్టు పూర్తిగా వేరే మాట చెబుతుంది: నేల తాకేముందే తీసేయండి. దెబ్బకు ఫ్రేము వంగితే తలుపు ఇరుక్కుపోతుంది, నీళ్లలో పడితే బయటి ఒత్తిడికి తెరుచుకోదు. పైకి లేచే తలుపులున్న విమానం బోర్లా పడితే నేలే అడ్డం. అందుకే కిటికీ పగలగొట్టే సుత్తిని బెల్టు విప్పకుండానే చేతికందే చోట పెట్టుకోవాలి, అదెక్కడుందో పక్క సీటులోని వాళ్లకు టేకాఫ్‌కు ముందే చూపించాలి.